నాతాను చెప్పిన రెండవ మాట: కళలు, వినోదం, ప్రజాబోధన – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

క్రిస్మస్ సమీపించగానే మన సంఘాల్లో ఏటేటా ఒక చర్చ తలెత్తుతుంది. యౌవనస్థులు నాటిక వేస్తామంటారు. పెద్దల్లో కొందరు దేవుని మందిరంలో నాటకాలేమిటంటారు. మరికొందరు, ప్రసంగానికి నలుగురు రాని ఊళ్ళో నాటికకు ఊరంతా వస్తుంది కదా అంటారు. చివరికి ఖర్చు దగ్గర ఏదో రాజీ కుదురుతుంది గాని అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. కళారూపాలు, వినోదం ప్రజలకు సందేశాన్ని అందించగలవా? అందించినా, వారిని మార్చేంతగా బోధించగలవా?

ఈ ప్రశ్న మన సంఘాలకే పరిమితం కాదు. తెలుగునాట నూట ముప్పై ఏళ్ళుగా సంఘసంస్కర్తలు, రాజకీయ ఉద్యమకారులు, అక్షరాస్యతా కార్యకర్తలు, సువార్తికులు అందరూ వేదికను, పాటను, తెరను ఆశ్రయించారు. వారి అనుభవం మన కళ్ళ ముందే ఉంది. అందులో విజయాలూ ఉన్నాయి, వైఫల్యాలూ ఉన్నాయి. ఆ అనుభవాన్ని లేఖనాల వెలుగులో పరీక్షించి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. కళ సందేశాన్ని అందించగలదనేది మా దృష్టిలో వివాదాంశం కాదు. ప్రదర్శన ముగిశాక ఆ సందేశాన్ని ఎవరు అందుకొని, ఎవరి ఇంటి గడప దాకా తీసుకువెళతారన్నదే అసలు సమస్య. కళ విఫలమైన చోట్ల చాలావరకు విఫలమైంది కళ కాదు, దాని తరువాత జరగవలసిన పని అని చూపడానికి ప్రయత్నిస్తాము.

1. లేఖనాల సాక్ష్యం

దావీదు ఎదుట నాతాను చెప్పిన కథ మనందరికీ తెలిసినదే (2 సమూ. 12:1–7). బేత్షెబ విషయం అతడు నేరుగా ఎత్తలేదు. ఒక ధనవంతుడు, ఒక దరిద్రుడు, ఒక చిన్న గొఱ్ఱెపిల్ల – ఇంతే కథ. కాని ఆ గొఱ్ఱెపిల్ల ఆ పేదవాని చేతిముద్ద తిని, అతని గిన్నెలోనిది త్రాగి, అతని కౌగిట పడుకొన్నదని చెప్పడంలో కథకుని నేర్పు ఉంది. ఆ వివరాలు లేకపోతే అది ఒక ఫిర్యాదు మాత్రమే అయ్యేది. ఆ వివరాల వల్ల పూర్వం గొఱ్ఱెలు కాచిన రాజు హృదయం కరిగింది, అతని కోపం రగిలింది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. కథ ముగిసేసరికి దావీదు కోపగించుకున్నాడే గాని పశ్చాత్తాపపడలేదు. ఆ ధనవంతుడు మరణపాత్రుడని తీర్పు కూడా చెప్పాడు. కథ విని చలించిపోయిన ఆ క్షణంలో కూడా దోషి మరెవరో అనే అతని నమ్మకం. నాతాను అక్కడితో ఆపి నమస్కరించి వెళ్ళిపోయి ఉంటే, ఆ రాత్రి దావీదు ఒక మంచి కథ విన్న తృప్తితో నిద్రపోయి ఉండేవాడు. ఆ దోషి నీవేనని ప్రవక్త చెప్పిన రెండవ మాట వల్లనే కథ బోధగా మారింది. 13వ వచనంలోని ఒప్పుకోలు ఆ రెండవ మాటకు ఫలితం. 51వ కీర్తన శీర్షిక ఆ ఒప్పుకోలును ఈ సందర్భంతోనే ముడిపెడుతుంది. కథతో మొదలైనది కీర్తనగా తిరిగి వచ్చింది.

దీనికి ఎదురుగా యెహెజ్కేలు 33:30–33 పెట్టి చదవాలి. జనులు గోడల దగ్గర, ఇంటి ద్వారాల దగ్గర నిలబడి ప్రవక్త గురించి మాట్లాడుకుంటారు, విందాం రండని ఒకరినొకరు పిలుచుకుంటారు, వచ్చి ఎదుట కూర్చుంటారు. అయితే వారికి ప్రవక్త ఒక మధుర గాయకునితో, చక్కగా వాద్యం వాయించేవానితో సమానం. వింటారు గాని చేయరు. ప్రభువు గద్దింపు పాట మీద గాని గాయకుని మీద గాని లేదు, అలా వినే వారి మీద ఉంది. నాటకానికే కాదు, ప్రసంగానికి కూడా ఈ ప్రమాదం ఉందని ఇందువల్ల తెలుస్తుంది. ప్రసంగం వినోదంగా మారిపోవచ్చు, గొఱ్ఱెపిల్ల కథ ప్రవచనం కావచ్చు.

మన ప్రభువు ఉపమానాలు కూడా ఈ సూత్రానికి లోబడినవే. జనసమూహానికి ఉపమానం చెప్పిన తరువాత శిష్యులు ఏకాంతంగా అడిగారు, ఆయన విడమరచి చెప్పాడు (మార్కు 4:10, 34). రెండవ మాట పలికినంత మాత్రాన పశ్చాత్తాపం తప్పక కలుగుతుందని కూడా అనుకోరాదు. ద్రాక్షతోట కాపుల ఉపమానం తమను గూర్చే చెప్పాడని ప్రధానయాజకులు గ్రహించారు. గ్రహించి, ఆయనను పట్టుకొన చూచారు (మార్కు 12:12). దావీదు ఒప్పుకున్నాడు, వీరు పగబట్టారు. అయినా రెండు చోట్లా వినేవాడు ప్రేక్షకుడుగా మాత్రం మిగలలేదు.

2. తెలుగు నాటకరంగం: నవ్వు తరువాత ఏమి జరిగింది?

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించబడింది, 1897లో అచ్చయింది. దాని వెనుక ఒక సామాజిక పరిశోధన ఉంది. విజయనగరం మహారాజు కన్యాశుల్క వివాహాల లెక్క తీయించగా, మూడేళ్ళలో నమోదైనవి 1,034 అని గురజాడ తన తొలి కూర్పు పీఠికలో తెలిపాడు. వారిలో ఐదేళ్ళ పిల్లలు, మూడేళ్ళ పిల్లలు, ఏడాది పసికందులు కూడా ఉన్నారు. ప్రజల్లో చదివే అలవాటు ఇంకా పెరగలేదు గనుక ఇలాంటి విషయాల్లో మేలు చేయగలిగినది రంగస్థలమేనని ఆయన అభిప్రాయం. వాడుక భాషలో రాయడానికి ఇదొక ముఖ్య కారణం. అంటే మన చర్చనీయాంశమైన ప్రశ్నకు గురజాడ ఆనాడే అవునని జవాబిచ్చాడు.

ఫలితం ఎలా ఉంది? నాటకం అజరామరమైంది. పసిపిల్లలను ముసలివారికి అమ్మడం నవ్వులాటకూ అసహ్యానికీ గురయ్యే పని అనే భావన చదువుకున్న వారిలో స్థిరపడడానికి ఈ నాటకం తోడ్పడింది. 1929లో వచ్చిన శారదా చట్టం వంటి వాటికి ఇలాంటి రచనలు నేల దున్ని పెట్టాయి. కాని ప్రేక్షకులు ఇంటికి తీసుకువెళ్ళినది ఎక్కువగా గిరీశాన్ని. అతని డాబు మాటలు కంఠస్థం చేసినవారు వేలల్లో ఉంటారు. అమ్ముడుపోబోయిన సుబ్బిని, వితంతువైన బుచ్చమ్మను తలచుకొనేవారు తక్కువ. విమర్శకు పెట్టిన పాత్రే వినోదానికి నాయకుడయ్యాడు.

కన్యాశుల్కం తగ్గుముఖం పట్టిన చోట వరశుల్కం తలెత్తింది. కాళ్ళకూరి నారాయణరావు 1920లలో 'వరవిక్రయం' రాసి కట్నాల మీద ధ్వజమెత్తాడు. తన వల్ల తండ్రి అప్పులపాలవుతున్నాడని కాళింది ప్రాణం తీసుకోవడం, చెల్లెలు కమల కొనుక్కున్న పెండ్లికొడుకును న్యాయస్థానానికి లాగడం చూసి ఊరూరా జనం కంటతడి పెట్టారు, చప్పట్లు కొట్టారు. 1939లో అది సినిమాగా కూడా వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా కట్నం తగ్గలేదు, పెరిగింది. నాటకం చూసి ఏడ్చిన తండ్రే కొడుకు పెండ్లినాటికి బేరానికి కూర్చున్నాడు. దావీదువలె అతడు కూడా కథలోని లింగరాజు మీద కోపగించుకున్నాడు. నీవే ఆ లింగరాజువని చెప్పే మనిషి అతని వీధిలో లేడు.

ఇది అన్యుల సంగతని మనం తప్పుకోలేము. మన సంఘాల్లో జరిగే వివాహాలకు ప్రకటనలు చదివేది మనమే, ఆశీర్వదించేది మనమే. కట్నం ముట్టిన తరువాతనే తేదీ ఖాయమవుతుందని ఎరిగి కూడా ఆ మాట ఎత్తకుండా ఆశీర్వచనం పలికే కాపరి, కథ చెప్పి రెండవ మాట మింగేసిన నాతాను వంటివాడు.

3. బుర్రకథ: రెండవ మాటకు ఒక పాత్ర

మన జానపద కళారూపాల్లో బుర్రకథ నిర్మాణం వేదాంత విద్యార్థులు జాగ్రత్తగా పరిశీలించదగినది. నడుమ తంబురతో కథకుడు, ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. వంతల్లో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. హాస్యపు వంత జనాన్ని నవ్వించి నిద్రపోకుండా చూస్తాడు. రాజకీయ వంత కథకుణ్ణి మధ్యలో ఆపి, ఆ నాటి కథకూ ఈ నాటి ఊరికీ ఉన్న సంబంధం ఏమిటని అడుగుతాడు, తానే వ్యాఖ్యానిస్తాడు. పల్నాటి యుద్ధం జరుగుతుండగానే ప్రస్తుత ధరల గురించి, కరువు గురించి, ఊరి పెద్దల గురించి మాట వస్తుంది. నాతాను పలికిన రెండవ మాటకు బుర్రకథ ఒక మనిషినే నియమించిందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ బలాన్ని గుర్తించింది. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' వంటి బుర్రకథలు రాశాడు. షేక్ నాజర్ గ్రామగ్రామాన కథ చెప్పి బుర్రకథకు మారుపేరయ్యాడు, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకం తెలంగాణ రైతుల పోరాటాన్ని కోస్తా గ్రామాల ముంగిటికి తెచ్చింది. పాలకులు దానిని నిషేధించారు. అంతకు ముందు 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' చిత్రానికి కూడా జమీందారుల ఆగ్రహంతో నిషేధం తప్పలేదు. కళ వట్టి కాలక్షేపమే అయితే దొరలు, దొరతనం వారు దానికి భయపడవలసిన అవసరం లేదు. వినోదంలో బోధ ఉందని మొదట గుర్తించేది తరచుగా దాని శత్రువులే.

ఈ కళాకారుల విశ్వాసాలతో మనం ఏకీభవించనక్కరలేదు. వారి పనితీరు మాత్రం మనకు పాఠం. బుర్రకథ ముగిసిన మర్నాడు ఆ ఊళ్ళో రైతు సంఘం ఉండేది, సభ్యత్వ పుస్తకం ఉండేది, చేయవలసిన పని ఉండేది. కథ ఆ పనికి పిలుపు మాత్రమే. మన సంఘాలు కూడా బుర్రకథను, హరికథను సువార్తకు వాడుకున్నాయి. అయితే చాలా చోట్ల హాస్యపు వంత నిలిచాడు, రాజకీయ వంత మాయమయ్యాడు. యోసేపు కథ చెబుతాము, అన్నదమ్ముల ఆస్తి తగాదాలున్న మన ఇళ్ళ మాట ఎత్తము.

4. దూబగుంట: పాఠం ఉద్యమమైన వైనం

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కార్యకర్తలు ముందుగా కళాజాతాలతో పల్లెలు తిరిగారు. పాటలు, వీధి నాటికలు చూసిన స్త్రీలు రాత్రి బడులకు వచ్చారు. వాచకంలో సీతమ్మ అనే స్త్రీ కథ ఒక పాఠం. సారా వల్ల చితికిపోయిన బతుకులు చూసిన ఆమె ఊరి ఆడవారిని కూడగట్టి సారాను ఎదిరిస్తుంది. ఈ కథ చదివిన దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో కూడా అలాగే ఎందుకు చేయకూడదనుకున్నారు, చేశారు. వారి నాయకురాలిగా రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. 1992 నాటికి ఉద్యమం జిల్లా అంతటా, తరువాత రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం రాష్ట్రంలో సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

సీతమ్మ కథ సాహిత్యపరంగా 'కన్యాశుల్కం' కాలి గోటికి సరిపోదు. ఒక చిన్న పాఠం, సాదా మాటలు. మరి 'వరవిక్రయం' చేయలేని పని అది ఎలా చేసింది? కారణాలు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, ఆ కథ విన్నవారు చీకట్లో విడివిడిగా కూర్చున్న ప్రేక్షకులు కారు. ప్రతి రాత్రీ ఒకే దీపం దగ్గర కూడే ఇరుగుపొరుగు స్త్రీలు. రెండు, పాఠం చదివాక దాని మీద మాట్లాడుకోవడం ఆ బడి పద్ధతిలోనే ఉంది. మూడు, కథలోని సీతమ్మ కష్టం వారి కష్టమే, కథలోని సారా దుకాణం వారి వీధి చివరే ఉంది. కథ చిన్నదే గాని దాన్ని అందుకొన్న సమాజం సిద్ధంగా ఉంది. నాతాను పలికిన రెండవ మాటను ఇక్కడ ఆ స్త్రీలే ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

ఈ విజయానికి కూడా హద్దు ఉంది. 1997లో సంపూర్ణ నిషేధం సడలింది, మద్యం తిరిగి వచ్చింది. కథ ప్రజలను కదిలించగలదు గాని కదిలినదాన్ని నిలబెట్టడానికి నిత్యం కూడే సమాజం కావాలి. వారం వారం తప్పక కూడుకొనే సమాజం మన చేతిలో ఉంది. దాని పేరు సంఘం. ఇంతటి సాధనం చేతిలో ఉంచుకొని మనం ప్రదర్శన ముగియగానే దీపాలు ఆర్పి ఇంటికి పోతున్నామన్నది మా ఫిర్యాదు.

5. 'కరుణామయుడు': తెర మీది క్రీస్తు

తెలుగు క్రైస్తవ సాక్ష్యంలో కళ ప్రస్తావన వస్తే 1978లో విడుదలైన 'కరుణామయుడు' చిత్రాన్ని దాటిపోలేము. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ క్రీస్తు పాత్ర ధరించారు. సిలువ మోసే ఘట్టంలో మోదుకూరి జాన్సన్ రాసిన పాట, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గళం తెలుగు ఇళ్ళలో నేటికీ వినిపిస్తాయి. చిత్రం ఇతర భారతీయ భాషల్లోకి అనువదించబడింది. సువార్త బృందాలు ప్రొజెక్టరు, తెర మోసుకొని దశాబ్దాల పాటు పల్లెల్లో దీనిని ప్రదర్శించాయి. చదువురాని లక్షలాది మందికి సువార్త కథాక్రమం మొదట తెలిసింది ఈ చిత్రం ద్వారానే అంటే అతిశయోక్తి కాదు.

ఈ చిత్రానికి ఉన్న ఘనత ఏమిటంటే క్రీస్తును అది విదేశీయుడుగా చూపలేదు. తెలుగు పౌరాణిక చిత్రాల సంప్రదాయంలో పెరిగిన ప్రేక్షకునికి తెలిసిన పద్ధతిలోనే, తెలిసిన రాగాల్లోనే ఆయనను పరిచయం చేసింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనల్లో చేసిన పని ఇలాంటిదే. ఆయన మన రాగతాళాల్లో క్రైస్తవ సిద్ధాంతాన్ని ఇమిడ్చాడు. అక్షరం రాని భక్తురాలు కూడా రక్షణ సిద్ధాంతాన్ని పాడుకుంటూ నేర్చుకోగలిగింది. కొలొస్సయులకు పౌలు రాసినదాని ప్రకారం (3:16) పాట కూడా బోధించే, బుద్ధి చెప్పే సాధనమే.

అయితే చౌదరి కీర్తనకూ ఈ చిత్రానికీ ఒక తేడా ఉంది. కీర్తనను సంఘం పాడుతుంది. చిత్రాన్ని జనం చూస్తారు. పౌరాణిక చిత్రంలో దేవుణ్ణి చూడడం దర్శనం చేసుకోవడమే. తెర మీది దేవునికి హారతి పట్టిన ప్రేక్షకులు మన రాష్ట్రంలో ఉన్నారు. ఆ అలవాటుతోనే చాలామంది క్రీస్తును కూడా చూశారు, నమస్కరించారు, ఇంటి దేవుళ్ళ పటాల వరుసలో ఆయన పటం కూడా పెట్టుకున్నారు. ఇదే విజయచందర్ 1986లో 'శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం'లో సాయిబాబాగా నటించారు. ఆ చిత్రానికీ అలాంటి భక్తే లభించింది. ఇందులో నటుని తప్పు ఏమీ లేదు, ఆయన తన వృత్తిధర్మం నెరవేర్చారు. ప్రేక్షకుని కన్ను ఎలా పనిచేస్తుందో చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావిస్తున్నాము. భక్తిచిత్రమనే రూపం ఏ దైవాన్నైనా ఒకే పీఠం మీద కూర్చోబెడుతుంది. కరుణ కలుగుతుంది, కన్నీరు వస్తుంది, చేతులు జోడించబడతాయి. నన్ను వెంబడించుమనే పిలుపు మాత్రం ఆ రూపంలో ఇమడదు. అది తెర ముందు నిలబడిన ఒక మనిషి నోట రావాలి.

కాబట్టి 'కరుణామయుడు' విఫలమైందని మేము అనము. చిత్రం తన వంతు కథ చెప్పింది, చక్కగా చెప్పింది. ప్రదర్శన తరువాత బృందం నెలల తరబడి వచ్చి కూర్చొన్న చోట సంఘాలు లేచాయి. ఆ రాత్రే తెర చుట్టుకొని మరో ఊరికి పోయిన చోట పటాలు మిగిలాయి. ఒకే చిత్రానికి ఇంత భిన్నమైన ఫలితాలు కలగడానికి కారణం చిత్రంలో లేదు.

6. కళ తప్పు కూడా బోధిస్తుంది

కళకు బోధించే శక్తి ఉందని ఒప్పుకొంటే, అసత్యాన్ని బోధించే శక్తి కూడా ఉందని ఒప్పుకోవాలి. జర్మనీలోని ఓబరామ్మెర్గావ్ గ్రామస్థులు తెగులు నుండి తప్పించమని 1633లో మ్రొక్కుకొని 1634 నుండి శ్రమల నాటకం ఆడుతున్నారు. భక్తితో మొదలైన ఆ నాటకం తరతరాలుగా యూదులను క్రీస్తు హంతకుల జాతిగా చూపింది. 1934లో నాటకానికి మూడు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా హిట్లరు వచ్చి చూశాడు, మెచ్చుకున్నాడు. లక్షలమంది యూదులు హతమయ్యాక, యూదుల గురించి సంఘాల బోధ మారాక, చాలా ఆలస్యంగా ఆ నాటకాన్ని దిద్దడం మొదలైంది. 2000 నుండి 2022 వరకు జరిగిన ప్రదర్శనల్లో క్రీస్తును, శిష్యులను యూదులుగానే చూపే మార్పులు వచ్చాయి. ప్రసంగంలోని తప్పు ఒక ఆదివారానికి పోవచ్చు. నాటకంలోని తప్పు మూడు వందల ఏళ్ళు బ్రతికింది.

మన క్రిస్మస్ నాటికలను ఈ దృష్టితో చూడండి. మత్తయి జ్ఞానుల సంఖ్య చెప్పలేదు, మనం ముగ్గురిని చేశాము. లూకా 8:2 మగ్దలేనే మరియను ఏడు దయ్యాలు విడిచిన స్త్రీ అని మాత్రమే అంటే, మన వేదికల మీద ఆమె వేశ్య అయింది. సాతాను పాత్రధారికి ముఖాన నలుపు పులుముతాము. నల్లని రంగు పాపానికి గుర్తని ముందు వరుసలో కూర్చున్న పిల్లలు నేర్చుకుంటున్నారు, ఆ పిల్లల్లో చాలామంది నల్లనివారే. ఇక చప్పట్లు ఎవరికి పడతాయి? పౌరాణిక నాటకపు దుర్యోధనునివలె మీసం మెలేసి గర్జించే హేరోదుకు. పొత్తిగుడ్డల్లోని శిశువు పక్కన నిశ్శబ్దంగా కూర్చున్న మరియను ఎవరూ చూడరు. గిరీశానికి దక్కిన కీర్తే మన హేరోదుకు దక్కుతోంది.

7. రెండు అభ్యంతరాలు

మొదటిది వాక్యపక్షం నుండి వస్తుంది. సువార్త ప్రకటనకు ప్రసంగం తప్ప వేరే మార్గం లేదని, పౌలు వాక్చాతుర్యాన్ని కూడా విడిచాడని (1 కొరింథీ. 2:1–4) కొందరంటారు. పౌలు విడిచినది వినేవారిని మైమరపించి సిలువను మరుగుపరచే వాగాడంబరాన్ని. అదే పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలు ఎత్తుకున్నాడు (అపొ. 17:28). గలతీయుల కన్నుల ఎదుట క్రీస్తు సిలువవేయబడినవాడుగా ప్రదర్శింపబడ్డాడని రాశాడు (గలతీ. 3:1). అతని ప్రసంగం అంత దృశ్యమానంగా ఉండేదన్నమాట. గుడారపు పని కొరకు బెసలేలుకు శిల్పనైపుణ్యంతో బాటు ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా ఇచ్చినవాడు యెహోవాయే (నిర్గమ. 35:30–34).

రెండవది కళాపక్షం నుండి వస్తుంది. సందేశం పెడితే కళ చచ్చిపోతుంది, అది ప్రచారమవుతుంది అంటారు. ఇందులో నిజముంది. మన నాటికల్లో తాగుబోతు మొదటి రంగంలో తాగుతాడు, రెండవ రంగంలో పాస్టరుగారు వస్తారు, మూడవ రంగంలో మారిపోతాడు. ఏ తాగుబోతూ దీనిని నమ్మడు. అతనికి తన బాధ తెలుసు. కాని దీనికి మందు సందేశాన్ని తీసివేయడం కాదు, మనిషిని సత్యంగా చూపడం. గుఱ్ఱం జాషువ 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు అంటరానివాడు తన మొరను గబ్బిలంతో ఈశ్వరునికి పంపుతాడు, మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది గనుక. అందులో సందేశం పూర్తిగా ఉంది, కవిత్వమూ పూర్తిగా ఉంది. ఒకటి రెండవదాన్ని చంపలేదు. గొఱ్ఱెపిల్ల గిన్నెలో త్రాగిందని చెప్పగలిగినవాడే దావీదును పట్టుకోగలడు.

8. సంఘాలకు, సెమినరీలకు కొన్ని సూచనలు

పై పరిశీలన ఆధారంగా కాపరుల, విద్యార్థుల ఎదుట కొన్ని సూచనలు ఉంచుతున్నాము.

మొదటిది, ఏ ప్రదర్శన ఒప్పుకొనేముందైనా మన రాజకీయ వంత ఎవరని అడగాలి. నాటిక ముగిసిన రాత్రే కాకపోయినా, ఆ వారంలోపు గృహకూటాల్లో అదే కథ మీద ప్రశ్నలు వేసి మాట్లాడించే మనుష్యులను ముందే సిద్ధం చేయాలి. వారు లేకపోతే ప్రదర్శన వాయిదా వేయడం మేలు.

రెండవది, లైట్లకు, మైకులకు, దుస్తులకు పెట్టే ఖర్చుతో సమానంగా తరువాతి పరామర్శకు ఖర్చు, సమయం కేటాయించాలి. సంఘ కమిటీ లెక్కల్లో ఆ పద్దు వేరుగా కనబడాలి.

మూడవది, కథకు మన ఊరి పాపాన్ని ఎన్నుకోవాలి. యెరూషలేము పరిసయ్యులను ఎంత తిట్టినా మన పాలెంలో ఎవరికీ నొప్పి కలగదు. కట్నం, తాగుడు, అప్పులు, ఒకే ప్రభువు బల్ల దగ్గర పాల్గొని వివాహం దగ్గరా సమాధుల దగ్గరా విడిపోయే కులం – ఇవి మన గొఱ్ఱెపిల్ల కథలు కావాలి.

నాల్గవది, నాటిక రాతప్రతిని వాక్యం ఎరిగిన ఒకరు, నాటకం ఎరిగిన ఒకరు కలిసి చదవాలి. ఒకరే చదివితే సగమే దిద్దబడుతుంది.

ఐదవది, సెమినరీలు ప్రసంగశాస్త్రంతో పాటు కథనాన్ని, జానపద కళారూపాలను పాఠ్యాంశంగా నేర్పాలి. సెల్‌ఫోనులో నిమిషం వీడియోలు చూసే తరం మన ముందుంది. వారికి కథ కొరత లేదు, కథలు పొంగి పొరలుతున్నాయి. ఆ తెర మీద వాక్యం కూడా వేలితో పైకి తోసే మరో దృశ్యమవుతుంది. యెహెజ్కేలు చెప్పిన మధుర గాయకుల కాలం ఇదే. వారికి కొరతగా ఉన్నది ఎదురుగా కూర్చొని ఇది నీ సంగతే అని ప్రేమతో చెప్పే మనిషి.

ముగింపు

కళ, వినోదం ప్రజలకు సందేశం అందించగలవు. గురజాడ నుండి సీతమ్మ కథ వరకు తెలుగు అనుభవం దీనిని నిరూపిస్తోంది, లేఖనాలు దానికి సాక్ష్యమిస్తున్నాయి. అవి మనసు తలుపు తెరుస్తాయి. తెరిచిన తలుపులోనికి ఎవరో ఒకరు నడిచి వెళ్ళాలి. ఆ పని నటుడు చేయలేడు, గాయకుడు చేయలేడు, తెర చేయలేదు. నాతానుకు అది ప్రమాదకరమైన పని కూడా. అతని ఎదుట కూర్చున్నవాడు ఊరియాను చంపించిన రాజు. మన ఎదుట కూర్చొనేవారు మనకు జీతమిచ్చే సంఘ పెద్దలు, మనకు కానుకలిచ్చే కుటుంబాలు. నాటిక వేయించి చప్పట్లు కొట్టించడం వారి ఎదుట సులభమే. నాటిక అయ్యాక వారి ఇంటికి వెళ్ళి కూర్చొని ఆ రెండవ మాట పలకడం కష్టం. మన సంఘాల్లో కళలు ఉండవచ్చునా కూడదా అని ఇంకా ఎంతకాలం వాదించుకుందాము? ఆ కష్టమైన మాట పలకడానికి మనలో ఎవరు సిద్ధంగా ఉన్నారో ముందు తేల్చుకుందాము.